రెడ్డిగూడెం ఆకాశంలో మూపురం

ఈమధ్య నూజివీడులో ఇంజనీరింగు చదివే పిల్లలకి ఉపన్యాసం చెప్పమని పిలిస్తే వెళ్ళాను. పదవీ విరమణ చేసినవాణ్ణి ఉపన్యాసానికి పిలవడంలో ఒక సౌకర్యం ఉంది, అతను తప్పకుండా వస్తాడు. సంధ్యవేళ ఆకాశపు వెలుగుని రంగులుగా విడదీసి, ఏ ఎత్తున ఏ వాయువు ఎంత ఉందో మేం ఎలా లెక్కగట్టేవాళ్ళమో బొమ్మలు వేసి మరీ చెప్పాను. చివర్లో ముందు వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మీ కొలతల్లో ఎర్రర్‌కి మెయిన్ కారణం ఏంటండీ?" అని అడిగింది. "మర్యాద" అన్నాను. ఆ అమ్మాయి రాసుకుంది. పక్క కుర్రాడు దాన్ని ఏ యూనిట్లలో కొలుస్తారో అడగబోయి మానుకున్నట్టు కనిపించింది. ఈలోగా టైము అయిపోయిందని నాకు శాలువా కప్పారు. నూజివీడు ఎండలో శాలువా కప్పించుకున్నవాడికి వివరణలిచ్చే ఓపిక ఉండదు. అందుకని ఆ జవాబు తాలూకు వివరణ ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో నేను పరిశోధక విద్యార్థిని. ఉద్యోగం ఎప్పుడని అడిగినవాళ్ళకి చదువు కాలేదని, చదువు ఎప్పుడవుతుందని అడిగినవాళ్ళకి పరిశోధన అని చెప్పుకునే వయసు. మా గైడుగారు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడేవారు. బాగా కోపం వచ్చిన రోజున అసలేమీ వినిపించేది కాదు. ఆయనకి పొగ లేని చోటు కావాలి. ఫ్యాక్టరీ, లారీలు తిరిగే రోడ్డు, వీధి దీపాల వరస, ఇవేవీ లేని చోట ఒక డాబా కావాలి. ఎవరో స్నేహితుడి ద్వారా వాకబు చేసి రెడ్డిగూడెంలో మామిడితోటల మధ్య ఒక ఇల్లు పట్టారు. పరికరాన్నీ నన్నూ ఒకే జీపులో పంపించారు. పరికరానికి కింద పరుపు వేశారు.

ఆ ఇంటాయన కోటయ్యగారు. ఆయనకి తోట, ఒంగోలు ఎడ్ల జత, కీళ్ళనొప్పులు ఉండేవి. మూడింటి గురించీ ఒకే గర్వంతో మాట్లాడేవారు. ఆయన భార్య సామ్రాజ్యమ్మగారు. పేరు పెట్టినవాళ్ళు ముందుచూపున్నవాళ్ళు. కూతురు పెళ్ళయి వెళ్ళిపోవడంతో డాబా మీది గది ఖాళీగా ఉంది. నేను దిగిన వారానికే వాళ్ళు పిన్నిగారు, బాబాయిగారు అయిపోయారు, నా బనీన్లు ఎన్ని చిరిగాయో ఆవిడకి లెక్క తెలిసిపోయింది. నేను వెళ్ళేసరికి తోటలు పూత మీద ఉన్నాయి. పొద్దున్నే కిటికీ తీస్తే ఆ పూత వాసన, కాస్త తీపి, కాస్త ఘాటు, గదిలోకి వచ్చి మంచమ్మీద కూర్చునేది. తర్వాత పిందెల వగరు వాసన, ఆ తర్వాత కాయ కోస్తున్నప్పుడు కారే సొన వాసన, ఆఖరికి రసాలు మాగేసిన గడ్డి వాసన. క్యాలెండరు చూడకుండా ముక్కుతో నెల చెప్పగలిగే ఇల్లు అది. ఎండలు ముదిరాక డాబా మీద నా పరికరం చుట్టూ చాపలు పరిచి ఆవిడ తాండ్ర ఎండబెట్టేవారు. ఆకాశాన్ని పరీక్షించే గొట్టం మీద వాలిన ఈగలు నిజానికి తాండ్ర కోసం వచ్చినవి. శాస్త్రం మీద వాటికేమీ ఆసక్తి లేదు.

పని ఏమిటో క్లుప్తంగా చెబుతాను. పగలు మన నడినెత్తి మీంచి వచ్చే వెలుగు చాలావరకు కింది గాలిలో చెదిరి వచ్చేదే. సూర్యుడు దిగిపోతున్నకొద్దీ భూమి నీడ పైకి లేస్తుంది. ముందు కింది గాలి చీకటవుతుంది, తర్వాత దాని పైది, ఆ తర్వాత ఇంకా పైది. అపార్టుమెంటులో కింది అంతస్తు నుంచి ఒక్కొక్క లైటూ ఆర్పుకుంటూ మెట్లెక్కే పొదుపరి ఇంటాయన్ని ఊహించుకోండి. ఏ క్షణాన చూసినా, ఇంకా వెలుగుతున్న వాటిల్లో అన్నిటికన్నా కిందున్న అంతస్తే మనకి ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వెలుగుని రంగులుగా విడదీస్తే, దారిలో ఓజోన్ కొన్ని రంగుల్ని, నైట్రోజన్ డయాక్సైడ్ మరికొన్ని రంగుల్ని కొరుక్కుతిన్న గుర్తులుంటాయి. ఏ వేళకి ఎంత కొరికిందో చూసుకుంటే ఏ ఎత్తున ఎంత ఉందో తెలుస్తుంది. తెల్లవారుజామున ఇదే కథ పైనుంచి కిందికి. నింగికి నిచ్చెన వేయకుండా, రోజుకి రెండుసార్లు ఉచితంగా దొరికే సదుపాయం.

అయితే ఆ సాయంకాలపు వేళ సామ్రాజ్యమ్మగారి లెక్కలో అసురసంధ్య. ఆ వేళలో తినకూడదు, పడుకోకూడదు, ఊడవకూడదు, తల దువ్వకూడదు, గడప మీద కూర్చోకూడదు. ఇన్ని కూడని వేళలో నేనొక్కణ్ణీ సరిగ్గా అప్పుడే లేచి పని మొదలుపెట్టడం ఆవిణ్ణి మొదట్లో కలవరపెట్టింది. తెల్లవారుజామున కూడా అదే పని చేస్తున్నానని గమనించాక కుదుటపడ్డారు. "మా పైనున్న అబ్బాయి రెండు పూటలా సంధ్య వారుస్తాడు, మిషనుతో" అని ఇరుగమ్మకి చెబుతుంటే విన్నాను. నా పరిశోధన గురించి అంతకన్నా మంచి సారాంశం నేనూ రాయలేకపోయాను.

ఆ ఇంట్లో సాయంత్రాలకి ఒక క్రమం ఉండేది. కోటయ్యగారు తోట నుంచి వచ్చి, ఎడ్లని కట్టేసి, పెరట్లో నులకమంచం మీద కూర్చుని మోకాళ్ళని పేరుపేరునా తిట్టేవారు. సామ్రాజ్యమ్మగారు అరచెయ్యి తిప్పి చూసుకునేవారు. చేతి గీతలు కనిపించడం మానేశాయంటే దీపం పెట్టే వేళ అయిందని గుర్తు. గోడ గడియారం ఉంది గానీ అది బంధువులకి చూపించడానికి. దేవుడి దగ్గర దీపం వెలిగించి, అదే అగ్గిపెట్టెతో పెరట్లోకి వచ్చి, మేడమెట్ల పక్కనున్న రాగి బాయిలరు ముట్టించేవారు. కొబ్బరి డొక్కలు, ఎండిన మామిడి పుల్లలు. నీళ్ళు కాగాక బాబాయిగారి కీళ్ళకి వేన్నీళ్ళ స్నానం. బాయిలరు గొట్టం డాబా పిట్టగోడకి కాస్త దిగువగా ఉండేది. ఇది నేను రోజూ చూసేవాణ్ణి. నా కళ్ళు ఆకాశం మీద ఉండేవి కనుక చూసినట్టు కాదు.

సంక్రాంతి పండగ వెళ్ళాక కాస్త స్థిమితంగా గీతలు గీసుకుని చూస్తే, సాయంత్రపు నైట్రోజన్ డయాక్సైడ్ గీత మీద ఒక ఉబ్బు కనిపించింది. ఉండకూడని చోట ఉంది. రోజూ ఉంది. మజ్జిగ గ్లాసు ఇవ్వడానికి వచ్చిన కోటయ్యగారు కంప్యూటరు తెర చూసి, "ఇదేంటయ్యా, మా పెద్దెద్దు మూపురంలా ఉంది" అన్నారు. అప్పటినుంచీ దాని పేరు మూపురమే. సెంటర్లో ఎస్‌టీడీ బూతు నుంచి గైడుగారికి చెబితే ఆయన గొంతు మొదటిసారి స్పష్టంగా వినిపించింది. ముందు అనుమానించారు. మనుషులు చేసే పనేమో చూడమన్నారు. తర్వాత నెలల గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసి ఆయనే తీర్పు చెప్పారు. పొద్దు పెరిగేకొద్దీ సూర్యాస్తమయం ఆలస్యమవుతోంది. మూపురం కూడా సరిగ్గా అంతే ఆలస్యంగా వస్తోంది. మనుషులు గడియారాన్ని బట్టి నడుస్తారు, ఇది సూర్యుణ్ణి బట్టి నడుస్తోంది. కాబట్టి ఇది మనుషుల పని కాదు, ప్రకృతి. తర్కంలో లోపం లేదు. గడియారం చూడని మనిషి ఉంటుందన్న ఒక్క సంగతి తప్ప. తెల్లవారుజామున మూపురం లేకపోవడానికి కూడా ఆయన ఎండకి విడిపోయి చీకటికి కలిసే అణువులతో చక్కని సిద్ధాంతం కట్టారు. (బాబాయిగారు పొద్దున పూట బోరు కింద చన్నీళ్ళే పోసుకునేవారు.) "ఈ మూపురం నిలిస్తే నీ డాక్టరేటు నిలిచినట్టే" అన్నారు ఫోనులో. ఆ మాట నేను వచ్చి ఇంట్లో చెప్పాను. చెప్పి ఉండకూడదు అని అప్పుడు ఎవరికైనా ఎలా తడుతుంది?

అక్కణ్ణుంచి ఆ ఇంట్లో భోజనాల దగ్గర రోజూ ఒకటే ప్రశ్న. "ఇవాళ మూపురం వచ్చిందా నాయనా?" వచ్చిందంటే ఇంకో గరిటె నెయ్యి.

ఫాల్గుణంలో చింతలపూడిలో వాళ్ళ అక్క మనవరాలి పెళ్ళికి ఇద్దరూ వెళ్ళారు. ఆ సాయంత్రం మూపురం రాలేదు. గీత సాపుగా, ఏమీ ఎరగనట్టు దిగిపోయింది. డాక్టరేటు కూడా దాని వెనకే దిగిపోతున్నట్టు అనిపించి నేను అన్నం తినలేదు. మర్నాడు ఆవిడ వచ్చి, మూత పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉండటం చూసి, జ్వరమా అని నుదురు ముట్టుకున్నారు. జ్వరం కాదు, మూపురం రాలేదన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి బాబాయిగారితో చాలాసేపు గుసగుసలాడారు. ఆ సాయంత్రం నుంచి మూపురం మళ్ళీ వచ్చింది, మునుపటికంటే కాస్త ఎత్తుగా. నేను గైడుగారికి ఆ ఒక్క రోజు మబ్బు అని చెప్పాను. మబ్బు నిజంగానే ఉంది, కొంచెం.

తర్వాత కొన్ని మార్పులు జరిగాయి. సామ్రాజ్యమ్మగారు ఏ ఊరు వెళ్ళినా పొద్దువాలకముందే బస్సెక్కి వచ్చేసేవారు. మేనకోడలి నిశ్చితార్థానికి వెళ్ళి తాంబూలాలు మార్చుకోకముందే లేచి వచ్చేశారని వాళ్ళవాళ్ళు నెలరోజులు మాట్లాడలేదు. ఎండలు ముదిరాయి. తోటలో కాకులు కూడా నీడ చూసుకుని నడుస్తున్నాయి. అయినా సాయంత్రమయ్యేసరికి బాయిలరు భగభగమంటూనే ఉంది. కోటయ్యగారు తోటలో ఉడికి వచ్చి, ఇంట్లో మళ్ళీ ఉడికేవారు. ఒకరోజు తువ్వాలు భుజాన వేసుకుని, స్నానాలగది గుమ్మంలో నిలబడి, ఉరికంబం ముందు మనిషిలా నా వైపు చూశారు. నడివేసవిలో వేన్నీళ్ళేంటి బాబాయిగారూ అన్నాను. "నాకెందుకులేవయ్యా, చెప్పకూడదంట" అని లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. ముసలితనంలో ఒంటికి వేడి కావాలేమో అనుకున్నాను. అప్పుడు ఆయన వయసు నా ఇప్పటి వయసుకంటే తక్కువ.

ఆవకాయ రోజులు. ఆవపిండి ఘాటుకి వీధి వీధంతా తుమ్ముతున్నప్పుడు గైడుగారు వచ్చారు. వ్యాసం సిద్ధం చేసేశారు. పంపేముందు మూపురాన్ని కళ్ళారా చూడాలని, రెండు బస్సులూ ఒక ఆటో మారి, దుమ్ము కొట్టుకుపోయి వచ్చారు. పెద్దాయన వచ్చారంటే ఆ ఇంట్లో జరగవలసినవన్నీ జరిగాయి. రసాలు, బంగినపల్లి ముక్కలు, మజ్జిగ, మళ్ళీ రసాలు. పొద్దు వాలుతుండగా ఇద్దరం డాబా ఎక్కి కుర్చీలు వేసుకున్నాం. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గీత మెల్లగా కదులుతోంది. గైడుగారు చేతులు కట్టుకుని, పురిటిగది బయట తండ్రిలా కూర్చున్నారు.

మూపురం లేచింది. లేచి ఆగలేదు. తెర పైఅంచు దాటి ఎక్కడికో వెళ్ళిపోయింది. గైడుగారి కళ్ళలో నీళ్ళు. ఆనందం అనుకున్నాను. తర్వాత ఆయన దగ్గారు. నాకూ దగ్గొచ్చింది. పిట్టగోడ కిందనుంచి తెల్లటి పొగ ఒక స్తంభంలా లేచి, తాండ్ర చాపల మీదుగా వంగి, నా గొట్టం నెత్తిన తీరిగ్గా కూర్చుంది.

నేను మెట్లు దిగాను. సామ్రాజ్యమ్మగారు కొంగు నడుముకి బిగించి, మొహమంతా చెమటతో, పచ్చి మామిడి కొమ్మలూ తాటిమట్టలూ బాయిలరులోకి కుక్కుతున్నారు. పక్కన కోటయ్యగారు విసనకర్రతో విసురుతున్నారు. ఆ ఉమ్మడి శ్రమ చూస్తే యజ్ఞం గుర్తొచ్చింది. ఏం చేస్తున్నారండీ అన్నాను.

"గురువుగారొచ్చారు కదా నాయనా" అన్నారావిడ, ఊపిరి తీసుకుంటూ. "ఇవాళ మూపురం చిన్నదైతే నీకెంత నామర్దా."

తర్వాత నెమ్మదిగా మొత్తం బయటికి వచ్చింది. తాము పెళ్ళికి వెళ్ళిన రోజున ఇంట్లో దీపం లేదు, పొయ్యి లేదు, సంధ్యవేళ నిప్పు వెలగని ఇంటి మీద ఆకాశం మాత్రం ఎందుకు దయ చూపిస్తుంది? ఆవిడ అలా అనుకున్నారు. నా డాక్టరేటు వచ్చేదాకా సంధ్యనిప్పు తప్పించనని మొక్కుకున్నారు. మొక్కు బయటికి చెబితే ఫలించదు కనుక చెప్పలేదు. నిప్పు ముట్టించాక కాగిన నీళ్ళు పారబోస్తే అపచారం కనుక ఎవరో ఒకరు పోసుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఆ ఇంట్లో చర్చనీయాంశం కాదు.

నేను మళ్ళీ మెట్లెక్కాను. ఆ పది మెట్లూ ఎక్కేలోపు నాకు రెండు దారులు కనిపించాయి. పొగ ఇవాళ్టిదేనని చెప్పొచ్చు. వ్యాసం వెళ్ళిపోతుంది, మూపురం నిలుస్తుంది, నేను డాక్టరునవుతాను, సామ్రాజ్యమ్మగారు నా వైవా అయ్యేదాకా ఎండల్లో నిప్పుముందు కూర్చుంటారు. ఆ ఆఖరి ముక్క దగ్గర దారి మూసుకుపోయింది. చెప్పేశాను. బాయిలరు, అరచేతి గీతలు, చింతలపూడి పెళ్ళి, అన్నీ.

నేను గైడుగారి పెదాల వైపు చూశాను, అవి కదలడం లేదు. అంటే కోపం హద్దు దాటిందన్నమాట. చాలాసేపటికి మాట వినిపించింది.

"ఆ నీళ్ళు ఇంకా వేడిగా ఉన్నాయా?"

ఉన్నాయన్నాను. "పొద్దుణ్ణించీ బస్సుల్లో నలిగాను. సిద్ధాంతం ఎలాగూ పోయింది. నీళ్ళెందుకు పోనివ్వడం" అని తువ్వాలు అడిగి తీసుకుని దిగారు. ఆ రోజు కోటయ్యగారి మొహంలో చూసిన కృతజ్ఞతని నేను తర్వాత ఏ మొహంలోనూ చూడలేదు.

ఇక ఆవిడకి చెప్పాలి. అది గైడుగారికి చెప్పినంత తేలిక కాదు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, మూపురం ఆకాశంలో లేదండీ, మన పెరట్లోనే ఉంది, బాయిలరు పొగే గొట్టానికి అడ్డం పడుతోందన్నాను. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నిశ్చితార్థం నుంచి లేచి వచ్చినందుకు వచ్చిన మాటలు, ఆ ఎండల్లో ఆ సెగ, అన్నీ ఆవిడ కళ్ళముందు తిరుగుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. అడిగింది మాత్రం ఒక్కటే.

"అయితే నీ చదువు నేనే పాడుచేశానా నాయనా?"

లేదన్నాను. తెల్లవారుజాము కొలతలన్నీ పనికొస్తాయి. సాయంత్రాలు పోయాయి, కానీ వానలు పడేలోపు కొన్ని శుభ్రమైన సాయంత్రాలు దొరికితే చాలు, గైడుగారు ఒప్పుకున్నారు. కాకపోతే ఆ వేళకి నిప్పు ఉండకూడదు. ఆవిడ ఆలోచించారు. మొక్కుకున్నది మూపురం కోసం కాదు, డాక్టరేటు కోసం. దేవుడికి రెండూ ఒకటే అయి ఉండవు. లోపల దీపం ఉంటుంది, బయట పొగ ఉండదు. తీర్మానం అయిపోయింది. మర్నాటి నుంచి కోటయ్యగారి స్నానం మిట్టమధ్యాహ్నానికి మారింది, చన్నీళ్ళతో. అంతటితో ఆగలేదు. ఆవిడ కొంగు బిగించి ఇల్లిల్లూ తిరిగారు. అవతలి ఇంటి నీళ్ళకాగు, ఇవతలి ఇంట్లో పిడకల మీద పాలు కాగే దాలి, పక్కతోటలో పోగేసి తగలబెట్టే ఆకులు, అన్నిటి వేళలూ మారాయి. ఎందుకని అడిగినవాళ్ళకి ఏం చెప్పారో తెలీదు. నేను వీధిలో నడుస్తుంటే ఆడవాళ్ళు నన్ను పరీక్ష రాసే పిల్లాణ్ణి చూసినట్టు చూసేవారు. ఒక ముసలాయన మాత్రం, "మా ఇంట్లో కాఫీ కూడా పొద్దుండగానే తాగేస్తన్నామయ్యా నీ మూలాన, తొందరగా పాసవ్వు" అన్నాడు.

ఆ సాయంత్రాల్లో చేయడానికి పనేమీ లేక దంపతులిద్దరూ డాబా మీదికి వచ్చి కూర్చునేవారు. ఆ వేళకి ఖాళీగా ఉండటం వాళ్ళకి కొత్త. ఆవిడకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. "ఇప్పుడు ఎన్నో అంతస్తు?" అని అడిగేవారు. చెప్పేవాణ్ణి. అక్కడేముంటుందని అడిగేవారు. ఏమీ ఉండదండీ, కొంచెం ఓజోన్ అనేవాణ్ణి. "పాపం" అనేవారు.

డాక్టరేటు వచ్చింది. మూపురం లేని డాక్టరేటు, ఎవరి పేరూ చరిత్రకెక్కని రకం. పరీక్షకుడు సాయంత్రపు గీతలు చూసి చాలా శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నాడు. ఆ మాట మోసుకుని మిఠాయితో రెడ్డిగూడెం వెళ్ళాను. సామ్రాజ్యమ్మగారు థీసిస్‌లోని గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరిదాకా తడిమి, ఎక్కడా ఏమీ తగలక, ఇంత బోసిగా ఉందేంటని బాధపడ్డారు. శుభ్రం అన్నారండీ అని ఓదార్చాను. "మీ బాబాయి మురికిగా ఉంటేగానీ మీ ఆకాశం శుభ్రంగా ఉండలేదన్నమాట" అన్నారావిడ. నా రంగంలో వచ్చిన వ్యాఖ్యానాల్లో దాన్ని మించినది నేను చదవలేదు.

ఇప్పుడు ఆ వీధిలో డాబాల నిండా సోలారు హీటర్లున్నాయి. ఉపన్యాసం అయ్యాక ఆటోలో వెళ్ళి చూసొచ్చాను. పొగ ఎక్కడా లేదు. మా గైడుగారు బతికుండగా ఇలా ఉండవలసింది. నా ఉపన్యాసం విన్న పిల్లలు కుర్చీలోంచి లేవకుండా ఉపగ్రహాల కొలతలు దించుకుంటారు, ఏ దేశం మీద, ఏ ఎత్తున, ఎంతని. ఉపగ్రహానికి ఊళ్ళు కనిపిస్తాయి గానీ ఒక ఇంటి బాయిలరు కనిపించదు. అది దాని లోపం కాదు, సుగుణం. వాళ్ళ కొలత కోసం ఎవరూ స్నానం వేళ మార్చుకోనక్కర్లేదు, కాఫీ పొద్దుండగా తాగనక్కర్లేదు. మా కొలతలకంటే వాళ్ళవి అన్ని విధాలా మెరుగు. ఈ మాట నేను ఉపన్యాసంలో కూడా చెప్పాను, గట్టిగానే.

ఆ వేసవి ఆఖరి సాయంత్రం ఒకటి చెప్పి ఆపుతాను. పడమర నుంచి మబ్బులు లేచి, తోటల మీద మొదటి చల్లగాలి తిరిగింది. గైడుగారు అడిగినన్ని సాయంత్రాలు అప్పటికే చేతికొచ్చాయి. ఇక చాలండీ అన్నాను, డాబా మీద పక్కనే కూర్చున్న సామ్రాజ్యమ్మగారితో. ఆవిడ లేవలేదు. కాసేపటికి కింద పెరట్లోంచి కోటయ్యగారి గొంతు, చాలా మర్యాదగా, పైకి చూస్తూ. "ఏవయ్యా, మోకాళ్ళు పట్టేస్తన్నాయి. నీళ్ళు పెట్టుకోవచ్చా?"

ఆవిడ నా వైపు చూశారు. పరికరం ఇంకా నడుస్తూనే ఉంది, నిజానికి దాన్ని అప్పుడే ఆపాలి. పెట్టమనండి అన్నాను. ఆవిడ అరచెయ్యి తిప్పి చూసుకుని దిగి వెళ్ళారు. కాసేపటికి మామిడి పుల్లల వాసనతో సన్నటి పొగ పిట్టగోడ దాటి వచ్చింది. తెర మీద గీత మెల్లగా లేచి, గుండ్రంగా తిరిగి, దిగింది. వానచుక్కలు గట్టిపడేదాకా చూస్తూ కూర్చుని, అప్పుడు గొట్టానికి మూత పెట్టాను.